పడుకునే వైరా, నడిచే వైరా

ప్లాస్టిక్ కవరు కోయగానే కొత్త కేబుల్ వాసన గుప్పుమంది. కొంచెం రబ్బరు, కొంచెం కిరోసిన్, కొంచెం కొత్త చెప్పుల దుకాణం. ఆ వాసన తగిలితే నేను ఎక్కడున్నా ఇల్లందులో ఉన్నట్టే. కేబుళ్ల కంపెనీ నుంచి వచ్చిన కుర్రవాడు రెండు ముక్కలు బల్ల మీద పెట్టాడు. ఒకటి లావుగా నిగనిగలాడుతోంది. రెండోది సన్నగా, మెత్తగా, చూడటానికి ఏమంత గొప్పగా లేదు. “అందరూ లావుదే అడుగుతున్నారు మేడం” అన్నాడు. నేను ఆ సన్నటి ముక్కను మణికట్టుకు చుట్టుకుని, విప్పి, చున్నీ చెంగుతో గట్టిగా తుడిచి, చెంగుకు ఏమైనా అంటిందా అని వెలుతురులో చూశాను. ఈమెకేమైంది అన్నట్టు చూశాడు పాపం. నాకీ అలవాటు అంటించిన మనిషిని చూసుంటే దండం పెట్టి పారిపోయేవాడు.

నేను పనిచేసేది చిప్పులు తయారయ్యే ఫ్యాక్టరీలో. అక్కడ అద్దంలాంటి సన్నటి పలకల్ని మనుషులు ముట్టుకోరు. మిషన్ల చేతులే అందుకుని, జరిగి, తిరిగి, ఇంకో మిషన్‌కు అందిస్తాయి. రాత్రీ పగలూ అదే పని. ఆ చేతికి కరెంటు మోసే కేబులు కూడా దానితోపాటు వంగుతూ లేస్తూ ఉండాలి. మధ్యలో తెగకూడదు. ఒంటి నుంచి పొడి రాల్చకూడదు, కంటికి కనిపించని నలుసు పడినా ఆ పలక పోయినట్టే. ఏ మిషన్‌కు ఏ కేబులు వెయ్యాలో చెప్పడం నా ఉద్యోగం. ఇది నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. చెప్పింది వరలక్ష్మమ్మగారు. అసలు ఆమె కల్పించుకోకపోతే మా అబ్బా నన్ను ఇల్లందు దాటనిచ్చేవాడే కాదు.

వరలక్ష్మమ్మగారివాళ్లు కోస్తా నుంచి వచ్చి జూలూరుపాడు దగ్గర పొలాలు కొన్నవాళ్లు. ఆయన మిరపతోట చూసుకుంటే ఈమె ఇల్లందు బస్టాండు ఎదుట మోటార్లు, వైర్ల దుకాణం పెట్టింది. డిప్లొమా పూర్తిచేసి ఊరికే కూర్చున్న నన్ను పనిలోకి తీసుకుంది. మొదటి రోజే నాకర్థమైంది, ఆమెకు అమ్మడం కన్నా అడగడం ఇష్టమని.

“అక్కా, వైరియ్యి జల్దీ. బస్సు పోతది” అని వస్తాడు ఒకాయన.

“ఎక్కడేస్తావ్?”

“ఇంట్లనే.”

“ఇంట్లో అంటే? గోడలోనా, బయటా? ఇది పడుకునే వైరా, నడిచే వైరా?”

“వైరు నడుసుడేందక్కా, పొద్దుగాల పొద్దుగాల!”

అప్పుడు మొదలయ్యేది పాఠం. గోడలో వేసింది పడుకునే వైరు, ఒకసారి పడుకుంటే మళ్లీ కదలదు. డ్రిల్లింగ్ మిషన్‌ది నడిచే వైరు. పడుకునేదాన్ని నడిపిస్తే లోపల తెగి ఊరుకుంటుంది, పైకి ఏమీ కనపడదు. ఆయనకు బస్సు పోయేది. ఆమెకు మాత్రం ఆయన ఇంట్లో ఏయే సామాను ఎటు కదులుతుందో మొత్తం తెలిసిపోయేది. పక్క దుకాణంవాళ్లు నవ్వేవాళ్లు, ఈమె దగ్గర వైరు కొనడం కన్నా పిల్లనడగడం సులువని. నాకు మాత్రం తల ప్రాణం తోకకొచ్చేది, ఎందుకంటే తిట్లు తినేది కౌంటర్లో నేను.

సామిల్లు యాదగిరి వచ్చిన రోజు నేనెప్పటికీ మరిచిపోలేను. దుంగను మోసే బండి పట్టాల మీద రంపం దాకా పోతుంది, వస్తుంది. దాని వైరు మాటిమాటికీ తెగుతోంది. తెగినప్పుడల్లా ఆయన ఇంకాస్త లావు వైరు కొనుక్కుపోయి వేశాడు.

“ఇంకా దొడ్డుగున్నది ఇయ్యక్కా. ఇదే ఆఖరు.”

“ఎక్కడ తెగుతోంది?”

“నాకేం ఎర్క? వైరు లోపల తెగుతది, పైకి మంచిగనే ఉంటది.”

ఆమె కళ్లు మెరిశాయి. పట్టపగలు షట్టరు దించేసి, “పద నసీమా” అంది. బేరాల వేళ! సామిల్లులో ఒక దుంగ మీద కూర్చుని ఆ బండి పోవడం, రావడం చూస్తూనే ఉంది. యాదగిరి చాయ్ తెప్పించాడు, అది చల్లారింది. నాకేమో రంపపు పొట్టుకు తుమ్ములు. చివరికి లేచి వెళ్లి, గుంజకు బిగించి కట్టిన ముడి దగ్గర వేలు పెట్టింది. బండి కదిలినప్పుడల్లా వైరు అక్కడే మడత పడుతోంది.

“లావైన కొద్దీ ఇక్కడ తొందరగా చస్తుంది. చీపురుపుల్ల వంచితే ఏమవుద్ది?”

“ఇరుగుతది.”

ఆమె వెనక్కి తిరిగి నా జడ పట్టుకుని అందరి ముందూ ఇటు మడిచి అటు మడిచింది. “మరి ఇది విరుగుద్దా? వెంట్రుకలంత సన్నటి తీగలు బోలెడు కలిపిన వైరుంటుంది, అదెయ్యి. ఈ ముడి విప్పి వెడల్పుగా వేలాడగట్టు, సాఫీగా వంగుద్ది.” సామిల్లు మొత్తం నా జడ వంక చూస్తోంది. నాకు భూమిలోకి పోవాలనిపించింది. కానీ తిరిగొస్తూ దారంతా అదే ఆలోచన. తెగే వస్తువు ఎక్కడ పడితే అక్కడ తెగదు, వంగే చోటే తెగుతుంది. ఇంత చిన్న సంగతి నేనెన్నడూ ఎందుకు చూడలేదు?

ఆ తర్వాత కొన్నాళ్లకే ఈ ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చింది. మన ఊరు కాదు, మన భాష కాదు, రెండు రాత్రుల రైలు ప్రయాణం. మా అబ్బా సలీం, దర్జీ. నన్ను గట్టిగా ఒక మాట అనని మనిషి, ఈసారి మాత్రం కదల్లేదు. చిన్నప్పుడు నాకు ఆయాసం. దవాఖానాల చుట్టూ నన్ను ఎత్తుకుని తిరిగినవాడు కదా, ఆయన కంటికి నేనింకా ఆ పిల్లనే. నేను ఏడ్చాను, అలిగాను, అన్నం మానేశాను. చివరికి చేరతానో లేదో చెప్పాల్సిన గడువు దగ్గరపడింది. నేను దుకాణంలో పని మానట్లేదని చెప్పడానికి అబ్బానే దుకాణానికి వచ్చాడు.

“నాజూకు పిల్ల అమ్మా. అంత దూరం ఒక్కతే అంటే తెగిపోతది.”

“తెగుద్దా?” వరలక్ష్మమ్మగారు కళ్లజోడు సర్దుకుంది. “ఎక్కడ తెగుద్ది భాయ్?”

“ఎక్కడంటే ఏం చెప్పాలె?”

“తెగేది ఏదైనా వంగే చోటే తెగుద్ది. మీ అమ్మాయి ఎక్కడ వంగుద్దో ఎప్పుడైనా చూశారా?”

“నా బిడ్డ నాకు తెల్వదా?”

“నాకైతే తెలీదు. పడుకునే వైరో, నడిచే వైరో. మీరే చూసి చెప్పండి.” అని స్టూలు వేసింది.

నాకు ఒళ్లు మండింది. పంపించండి అని నా తరఫున ఒక్క మాట చెప్పొచ్చు కదా! అబ్బా మొహమాటానికి కూర్చున్నాడు. ఇక చూడండి, అప్పుడే రావాలా, ఒక రైతు కాలిపోయిన మోటారు ఆటోలోంచి దించి నా మీద విరుచుకుపడ్డాడు. “గిదేనా నువ్విచ్చిన వైరు? చేను ఎండిపోతున్నది!” అబ్బా లేవబోయాడు. వరలక్ష్మమ్మగారు చేత్తో ఆపింది. నేను ఆయన్ను అరవనిచ్చాను, నీళ్లిచ్చాను, ఎక్కడెక్కడ అతుకులు వేశారో ఒక్కొక్కటీ అడిగాను. ఎవరో మధ్యలో ఇంటి వైరు ముక్క కలిపారని తేలింది. కొత్త వైరు ఊరికే ఇవ్వమని పట్టుబట్టాడు. కుదరదన్నాను. మళ్లీ అరిచాడు. మళ్లీ కుదరదన్నాను. కానీ చేను ఎండకుండా మా దగ్గరున్న పాత మోటారు తీసుకుపొమ్మన్నాను. మోటారు ఎక్కించుకుని వెళ్తూ వెళ్తూ “పైలం బిడ్డా” అని నాకే జాగ్రత్త చెప్పాడు.

అబ్బా దుకాణం మూసేదాకా కూర్చున్నాడు. ఇంటికి నడుస్తుంటే అడిగాడు.

“గన్ని తిట్లు తిన్నవు. కోపం రాలేదా?”

“వచ్చింది అబ్బా.”

“మరి?”

“పోయింది.”

ఆయన గట్టిగా నవ్వాడు. పంపుతానని మాత్రం అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తెల్లారేసరికి కుట్టుమిషను చప్పుడు. మందపాటి నల్ల కాన్వాసుతో భుజానికి వేసుకునే సంచి కుడుతున్నాడు. నా వైపు చూడకుండానే అన్నాడు, “పట్టి భుజం మీద వంగేకాడ కుట్లు ఎక్కువేసిన. ఆడనే తెగుతదట గద.”

నేను ఆ మిషను మీద తల పెట్టి ఏడ్చాను. గుడ్డ తడుస్తుందని కసిరాడు.

వరలక్ష్మమ్మగారు పోయిన చలికాలంలో పోయింది. నేను చూడలేకపోయాను, ఆ బాధ ఉంది. చివరిసారి ఫోన్లో మాట్లాడినప్పుడు కూడా నా ఆరోగ్యం అడగలేదు. మిషన్ చెయ్యి ఎంత గుండ్రంగా తిరుగుతుంది, కేబులుకు మెలిక పడుతుందా, ఉత్త వంపేనా అని అడిగింది. మెలికా పడుతుందన్నాను. “అయ్యో, చూడాలనుందే” అంది.

“మేడం, ఏది రాసుకోమంటారు?” కుర్రవాడు ఇంకా నిలబడే ఉన్నాడు.

“రాయడం తర్వాత. ముందు పోయి ఆ మిషన్ దగ్గర కూర్చుందాం, పద.”

రెండు ముక్కలూ సంచిలో వేసుకుని భుజానికి తగిలించుకున్నాను. నలుపు వెలిసి బూడిదరంగుకు వచ్చింది. జిప్పు పోతే మార్పించాను, అడుగున చిరిగితే అతుకు వేయించాను. భుజం మీద వంగే చోట మాత్రం అబ్బా వేసిన కుట్టు ఒక్కటి కూడా ఊడలేదు.