దిష్టికి పళ్లగాట్లు
నిరుడు ఒక సాయంత్రం యూనివర్సిటీలో పాఠాలు ముగించుకుని తార్నాకలోని మా ఫ్లాట్‌కు వచ్చేసరికి, మా ఏడాది పాప చొంగ కారుస్తూ గుక్కపట్టి ఏడుస్తోంది. పెదవులు వాచాయి.

"దిష్టి తగిలింది బిడ్డా. మిరపకాయలు తెస్త, జెర ఆగు" అంది పాపను చూసుకునే పక్కింటి పెద్దమ్మ.

పాప పిడికిట్లో కొరికిన మనీ ప్లాంట్ ఆకు ఉంది.

"దిష్టికి పళ్లగాట్లు పడతయా, పెద్దమ్మా?" అంటూనే నోరు కడిగి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆ ఆకు రసానికే పెదవులు వాచాయని, గొంతు మాత్రం వాయలేదని డాక్టర్ చెప్పాకే పాపను ఇంటికి తెచ్చాను.

మర్నాడు ఆ మొక్కను పారేయబోతే పెద్దమ్మ అడ్డొచ్చింది.

"ఇంట్ల లచ్చిమిని పారేస్తవా? నాకియ్యి."

ఆమె మనవడు అప్పుడే పాకడం నేర్చాడు. వాదించే ఓపిక లేకపోయినా కుండీ వదల్లేదు. మెట్ల మీద కూలబడి, ఆకు సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పాను.