అల్ షహానియా దారిలో ఒక ‘ఖాళీ జాగా’

ఈ ప్రయాణం మా మనవరాలు వేద చెప్పిన ఒక్క వాక్యంతో మొదలైంది. వేదకు పన్నెండేళ్ళు. చాలామటుకు ఖతర్‌లో, దోహాలోనే పెరిగింది. నేను మూడు నెలలు కూతురి దగ్గర ఉండటానికి నిజామాబాదు నుంచి వచ్చాను. ఇక్కడి తెలుగు కుటుంబాలు కొన్ని శుక్రవారం సాయంత్రాలు అల్ దోహా అల్ జదీదాలోని ఒక హాల్లో కలుస్తుంటాయి. అక్కడ పిల్లలు బళ్ళో చదివిన ఏదో ఒక పాఠాన్ని తెలుగులో మూడు నిమిషాలు చెప్పాలి. పోయినసారి వేద మధ్యలో మాట దొరక్క ఆగిపోయి వేదిక దిగి వచ్చేసింది. ఈసారి కూడా అలాగే అయితే ఇక తెలుగులో ఎక్కడా మాట్లాడనని తల్లికి తేల్చి చెప్పింది. తల్లి నా వైపు చూసింది. ముప్పై ఏళ్ళు సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని, ఊరుకుంటానా?

బ్రిటిష్ వాళ్ళు ఆస్ట్రేలియా ఒడ్డున దిగిన తొలి రోజుల పాఠాన్ని వేద ఎంచుకుంది. గురువారం సాయంత్రం నా ముందు నిలబడి మొదలుపెట్టింది. “సెట్లర్లు ఓడల్లో వచ్చి ఖాళీ జాగాలో క్యాంపు వేసుకున్నారు.”

అక్కడే ఆపాను. “ఖాళీ అని ఎవరన్నారు?”

“అల్ షహానియా వైపు చూశావా అమ్మమ్మా? అంతా ఖాళీయే కదా. అలాంటి చోటన్నమాట.”

“నేను చూడలేదు. నువ్వూ కారు అద్దంలోంచి తప్ప చూడలేదు. రేపు పొద్దున్నే వెళ్ళి చూసి వద్దాం. ఆ తర్వాత ఖాళీయో కాదో చెబుదువుగాని.”

నిజం చెప్పాలంటే నాకు అల్ షహానియాలో జరిగే ఒంటెల పరుగు చూడాలని వచ్చిన రోజు నుంచీ ఉంది. సాకు దొరికింది.

శుక్రవారం ఉదయం ఐదున్నరకు బయలుదేరాం. మా అల్లుడికి తెలిసిన గంగారాం కారు తెచ్చాడు. అతను అద్దె కార్లు నడిపే లిమోజిన్ కంపెనీలో డ్రైవరు, ఊరు ఆర్మూరు దగ్గర, ఉండేది బర్వా అల్ బరాహాలోని కార్మికుల వసతిలో. పోను, రాను, అక్కడ మూడు గంటలు ఆగడం కలిపి నూట ఎనభై రియాళ్ళకు ముందే మాట్లాడుకున్నాం. దుఖాన్ రోడ్డు ఎక్కితే అల్ షహానియా నలభై నిమిషాల దారి. శుక్రవారం పొద్దున ట్రాఫిక్ ఉండదు. జనవరి చలికి శాలువా కప్పుకున్నాను, అది మంచిపనైంది.

దారిలో వేద వెనక సీట్లో కూర్చుని పాఠం వల్లె వేసుకుంటోంది. “సెట్లర్లు వచ్చారు. ఖాళీ జాగాలో క్యాంపు వేసుకున్నారు. మొదట తిండికి చాలా కష్టపడ్డారు. తర్వాత పంటలు పండించారు, ఊళ్ళు కట్టారు.”

గంగారాం అద్దంలోంచి వేదను చూశాడు. “ఏంది బిడ్డా, మా బోధన్ దిక్కు ముచ్చట ఖతర్ల చెప్తున్నవ్?”

నాకు నవ్వు ఆగలేదు. ఇది మా జిల్లా వాళ్ళకే అర్థమయ్యే పొరపాటు. బోధన్ వైపు నిజాంసాగర్ కాలువ కింద సేద్యానికి కోస్తా జిల్లాల రైతులు చాలామంది వచ్చి స్థిరపడ్డారు. మా వైపు సెట్లర్లంటే వాళ్ళే. వాళ్ళు కట్టుకున్న పల్లెలను క్యాంపులంటారు. నేను పుట్టింది అలాంటి క్యాంపులోనే.

“అది ఆస్ట్రేలియా సంగతి గంగారాం.”

“గట్లనా. నేను మీ నాయన సంగతనుకున్న.”

“మాది క్యాంపని నీకెవరు చెప్పారు?”

“మీ మాటనే చెప్తది గదమ్మా. ఊరేమో నిజామాబాద్ అంటిరి, మాటేమో ‘వెళ్ళాను, వచ్చాను’ అంటున్నరు. గట్ల మాట్లాడేది క్యాంపోళ్ళే.”

“నువ్వు మాత్రం? నీదీ ఇప్పుడు క్యాంపే కదా.”

“అవునమ్మా. నాది లేబర్ క్యాంప్. మీ క్యాంపుల మీరు ఓనర్లు, నా క్యాంపుల మంచం వరకే నేను ఓనర్‌ని.”

ముగ్గురం నవ్వుకుంటూ అల్ షహానియా చేరేసరికి తూర్పున ఎర్రబడుతోంది.

ఆ దృశ్యం ఎలా చెప్పను. మంచులోంచి ఒంటెలు వరుసలు వరుసలుగా వస్తున్నాయి. వీపుల మీద రంగురంగుల దుప్పట్లు, మూతులకు జాలీలు, పక్కన తలకు గుడ్డ చుట్టుకుని నడిచే మనుషులు. పరుగుకు దించిన వాటి మీద మనిషికి బదులు బొమ్మంత మరమనిషి కూర్చుని ఉంది. యజమాని పక్క దారిలో కారులో పోతూ మీట నొక్కితే అది కొరడా ఆడిస్తుంది. గంగారాం కూడా పక్క దారిలో కారు పరిగెత్తించాడు. ఒంటె మెడ చాచి పరిగెడుతుంటే నాలుగు కాళ్ళూ నేలకు ఆనుతున్నట్టే లేదు. “అదిగో మూడోది, మూడోది గెలుస్తుంది” అని నేనే ముందు కేకలు పెట్టాను. వేద నన్ను చూసి ఆశ్చర్యపోయింది. చూడటానికి టికెట్టు లేదు.

ఏడున్నరకు పరుగులు పలచబడ్డాయి. “ఇక నీ ఖాళీ జాగా చూపించు” అన్నాను. గంగారాం రోడ్డు దిగి కొంతదూరం తీసుకెళ్ళి కారు ఆపాడు. రాళ్ళు, ఇసుక, అక్కడక్కడ ముళ్ళపొదలు. వేద చేతులు చాచి, “చూశావా?” అంది. ఆ మాట పూర్తయిందో లేదో, మిట్ట వెనక నుంచి ఒంటెల కాపరి ఒకతను గబగబా నడిచి వచ్చాడు. వచ్చీరాగానే హిందీలో అడిగాడు: “ఎవరి దగ్గరికి వచ్చారు?”

ఎవరి దగ్గరికీ రాలేదని, ఊరికే చూడటానికి వచ్చామని చెప్పాను. ఆ జవాబు అతనికి సరిపోలేదు. మిట్ట అవతలి దొడ్డి తన యజమానిదని, ఈ పొదల్లో తమ ఒంటెలు మేస్తాయని, కారు కొంచెం వెనక్కి తీసుకోమని మర్యాదగానే చెప్పాడు. గంగారాం కారు తిప్పుతూ, “బిడ్డా, ఈడ ఖాళీ మాఫీ” అన్నాడు. మాఫీ అంటే అరబ్బీలో లేదు అని.

రోడ్డు పక్కన చాయ్ దుకాణంలో ముగ్గురికీ చిక్కగా కాచిన కరక్ చాయ్, గుడ్డు పరోటా తీసుకున్నాం, మొత్తం పద్దెనిమిది రియాళ్ళు. పరోటా వేడిగా, పొరలు పొరలుగా ఉంది. నేను టీచరు గొంతు సవరించుకున్నాను. “తెలిసిందా? ఖాళీ అన్న మాట తీసెయ్. చూడకుండా అలాంటి మాటలు వాడకూడదు.”

వేద చాయ్ కప్పు కింద పెట్టింది. “ఆ మాట నాది కాదు అమ్మమ్మా, నీదే. ముత్తాత కథ చెప్పేటప్పుడు ‘ఖాళీ జాగాలో క్యాంపు వేసుకున్నాం’ అంటావు కదా. ఇలాంటి సంగతి చెప్పడానికి నాకు తెలుగులో తెలిసిన వాక్యం అదొక్కటే. అదే పెట్టాను.”

గంగారాం పరోటా నమలడం ఆపి నా వైపు తిరిగాడు. “ఇగ చెప్పుండ్రి టీచరమ్మా.”

“మా నాన్న డబ్బు పెట్టి కొన్నాడు. ఎవర్నీ కొట్టలేదు, తరమలేదు” అన్నాను.

“కొన్నరు, అబద్ధం గాదు. కాగితం మీద ఎవని పేరుంటే వాని దగ్గర కొన్నరు. గొర్లు మేపెటోని పేరు కాగితంల ఉంటదా? మా ఊరి పక్క క్యాంపు ఉన్నది గద, అది క్యాంపు గాకముందు మోదుగుల కంచె అనెటి బీడు. మా తాత గొర్లు ఆడనే మేసేటియి. ఇప్పుడు బస్సోడు గూడ క్యాంపనే ఆపుతడు. మోదుగుల కంచె అంటే ఎవ్వలికి యాదికి లేదు.”

“మీ తాతకు కోపం వచ్చిందా అంకుల్?” వేద అడిగింది.

“కోపంజేస్తె బువ్వ ఎవరు పెడ్తరు బిడ్డా? గొర్లమ్మిండు, ఆళ్ళ పొలంలనే కూలికి పోయిండు. వరి నాటుడు గూడ ఆళ్ళ దగ్గరనే నేర్చుకున్నడు.” చెప్పేసి ఇంకో చాయ్ తెమ్మని సైగ చేశాడు.

నేను నా చాయ్ ముగించాను. తర్వాత వేదకు ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాను. రెండు కథలనూ ఒకే గాటన కట్టకూడదు. ఆస్ట్రేలియాలో ఎవరూ కొనలేదు, ఎవర్నీ అడగలేదు. ఆ ఒడ్డున చేపలు పట్టుకు బతికే గాడిగల్ ప్రజలున్నారు. వచ్చినవాళ్ళు పెద్ద పెద్ద వలలతో చేపలు లాగేస్తే వీళ్ళకు ఆకలి మిగిలింది. మశూచి వచ్చి గుంపులకు గుంపులు పోయారు. తర్వాత తర్వాత తెల్లవాళ్ళ గొర్రెలు లోపలికి వెళ్ళి, అక్కడివాళ్ళు తవ్వుకు తినే దుంపల నేలను తొక్కేశాయి. ఎదురు తిరిగినవాళ్ళను తుపాకులతో కాల్చారు. ఇదంతా వేదకు పాఠం వల్ల తెలుసు. తెలుగులో చెప్పే మాటలు లేక, సులువుగా దొరికిన సెట్లర్ల కష్టాలతో సరిపెట్టింది.

“మరి గాడిగల్ వాళ్ళు ఆ ఒడ్డును ఏమనేవాళ్ళు?” అని తనే ఫోన్లో వెతికింది. “వారాన్! అమ్మమ్మా, వారాన్ అంట.” తిరుగు దారంతా వేద చెప్పడం, నేను దిద్దడం, గంగారాం మధ్యలో తన తెలుగు కలపడం. తొమ్మిదిన్నరకు ఇల్లు చేరాం. ఇంత సందడిగా నేను ఏ పాఠమూ చెప్పలేదు.

సాయంత్రం గంగారాం డ్యూటీ లేక హాలుకు వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. వేద వేదిక ఎక్కింది. “ఈ కథ జరిగిన చోటు పేరు వారాన్. బ్రిటిష్ వాళ్ళు వచ్చి క్యాంపు వేసుకోకముందే దానికి పేరుంది. పేరుందంటే మనుషులు ఉన్నారని.” గొంతు బాగానే పలికింది. చేపల సంగతి చెప్పింది. “తర్వాత వాళ్ళకు...” అని ఆగిపోయింది. మశూచి అన్న మాట జారిపోయింది.  అందించబోయాను. అంతలో వెనక నుంచి గంగారాం, “యల్లా బిడ్డా” అన్నాడు, అరబ్బీలో కానివ్వు అని. హాలంతా నవ్వింది, వేద కూడా నవ్వింది. “ఒంటినిండా పొక్కులు వచ్చే జబ్బు వచ్చింది” అని తన మాటతోనే దాటేసి చివరిదాకా వెళ్ళింది.

చివర నేను దిద్దని వాక్యాలు కొన్ని చేర్చింది. “గాడిగల్ వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వారాన్ అనే పేరూ ఉంది. మా ముత్తాత క్యాంపుకు కూడా ముందు ఏదో పేరు ఉండే ఉంటుంది. అది మాకెవరికీ తెలియదు. మా అమ్మమ్మ కనుక్కుంటుంది.”

చప్పట్లలో అందరూ నా వైపు తిరిగి చూశారు. ఇన్నేళ్ళూ ఆ క్యాంపును నా పుట్టిన ఊరుగా ఎన్నో కాగితాల మీద రాశాను. ఎన్ని ఎకరాలో, ఏ తూము కింద ఉందో ఇప్పటికీ చెప్పగలను. దాని మొదటి పేరేమిటని ఒక్కసారీ అడగలేదు. వచ్చే నెల ఇంటికి వెళ్ళగానే మా క్యాంపు పక్క ఊరికి వెళ్ళి, గొర్రెలు కాచిన ఇళ్ళలోని పెద్దవాళ్ళను అడుగుతాను. మనవరాలు అంతమంది ముందు నా తరఫున మాటిచ్చింది. తప్పించుకోవడం కుదరదు. తప్పించుకోవాలనీ లేదు, నాకు ఇప్పుడే బయలుదేరాలని ఉంది.

అల్ షహానియా వెళ్ళేవాళ్ళు చలికాలంలో పొద్దున ఆరుంపావుకల్లా పరుగుల దగ్గర ఉండేట్టు చూసుకోండి. ఒంటెలు చూశాక ఇసుకలో దిగి నడవాలనిపిస్తే, “ఎవరి దగ్గరికి వచ్చారు?” అన్న ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకుని దిగండి.