ముందు వరుస గొడుగు

పియాచెన్జా ఊళ్లో బడి వంటశాలలో పనిచేసే డొరియానాకి ఈ ఏడు విసుగు నెత్తికెక్కింది. పెళ్లయిన ఇరవై ఆరేళ్లుగా ఆగస్టు వచ్చిందంటే అదే ఊరు, అదే తీరం, ఇసుకలో రెండో వరుసలో అదే అద్దె గొడుగు. పక్క గొడుగు వాళ్ల కీళ్లనొప్పులు కూడా ఆవిడకి కంఠతా వచ్చు.

"ఈసారి అమాల్ఫీ పోదాం. కొండ మీంచి సముద్రం, నిమ్మతోటలు, పాత చర్చీలు. గది కూడా చూసిపెట్టాను," అంది మొగుడితో.

ఎత్సియో పాస్తా మీద చీజ్ తురుముతూ, "మరి మన గొడుగో?" అన్నాడు.

"అదేమన్నా మీ తాత కట్టించిన మేడా?"

"మా నాన్న సంపాదించిన చోటు. ఒక్క ఏడు వదిలామా, ఇంకొకడు కూర్చుంటాడు. మళ్లీ ఏడో వరుస నుంచి మొదలెట్టాలి."

"కూర్చోనీ! ఇన్నేళ్లలో నేను సముద్రాన్ని చూసిందెక్కడ? ముందు వరుసలో ఆ బ్రుస్కీ బట్టతల తప్ప!"

గరిటె బల్ల మీద విసిరికొట్టి, గది ఖాయం చేద్దామని ఫోన్ అందుకుంది. అంతలో అదే మోగింది. తీరంలో గొడుగులు అద్దెకిచ్చే రెంజో.

"అమ్మా, బ్రుస్కీ గారు పోయారు. వాళ్ల పిల్లలు చోటు వద్దన్నారు. ముందు వరుస ఖాళీ. మొదట మిమ్మల్నే అడుగుతున్నా, సాయంత్రంలోగా చెప్పండి."

డొరియానా సిలువ గుర్తు వేసుకుంది. మొగుడి మొహం చూడకుండా గోడవైపు తిరిగింది.

"సాయంత్రం దాకా ఎందుకూ, మా పేరు రాసెయ్!" అని కసిరింది.