అక్రోటు నీడలో ఊపిరాకు

నేను యవోరెక్ ఊరి పాలకేంద్రంలో పనికి చేరిన ఏడాది ఒటీలియత్త ఇంట్లో మేడగది అద్దెకు తీసుకున్నాను. బడి వంటశాలలో ముప్ఫై ఏళ్లు గరిటె తిప్పి, ఆమె అప్పుడే పని మానేసింది. భర్త ఎప్పుడో పోయాడు. ఇంటి వెనక రెండు చాపలంత నేల ఉండేది. పొద్దున్నే దాని మీద పక్కింటి వెండెలీన్ గారి అక్రోటు చెట్టు నీడ వాలేది. సాయంత్రం దాకా వదిలేది కాదు.

ఆ నీడ గురించి ఇద్దరికీ ఇరవై ఏళ్ల తగువు. అత్త క్యాబేజీ వేస్తే ఆకులు విచ్చుకునే ఉండేవి, గడ్డ కట్టేది కాదు. క్యారెట్లు చిటికెనవేలంతే ఊరేవి. అక్టోబరులో కాయలు రాలితే మాత్రం ఆయన బుట్ట పట్టుకుని కంచె దగ్గరికి వచ్చేవాడు.

"ఒటీలియమ్మా, మీ వైపు పడ్డవి కాస్త ఇలా అందించండి."

"నీడ నాకూ, కాయలు మీకూనా? భలే పంచారు."

"చెట్టు నాది కదండీ."

"అయితే నీడని కూడా మీ పెరట్లోనే కట్టేసుకోండి."

ఒక ఏప్రిల్ ఆదివారం అత్త రొట్టె కోసే చాకూ, రేకు బేసినూ తీసుకుని నన్ను కొండ మీది అడవికి రమ్మంది. పల్లాల్లో ఇంకా మంచు కరగలేదు. చెట్ల కింద ఊపిరాకు అనే అడవి మొక్క పూసి ఉంది. గరుకాకులు, వాటి మీద పాలు చిందినట్టు తెల్లమచ్చలు. విచ్చినప్పుడు గులాబి రంగులో ఉండే పువ్వు ముదిరేకొద్దీ నీలమవుతుంది. అందుకే ఒకే కాడ మీద రెండు రంగులూ కనిపిస్తాయి. అత్త చిన్నప్పుడు దగ్గు వస్తే వాళ్లమ్మ ఈ ఆకు కషాయంలో తేనె కలిపి ఇచ్చేదట.

"దీనికి ఎండ గిట్టదే అమ్మాయ్," అంది మట్టి తవ్వుతూ. "ఇన్నేళ్లూ నేలని తిట్టుకున్నాను. తప్పు నేను వేసిన విత్తనాలదే."

ఐదు దుబ్బులు తెచ్చి నాటింది. కుళ్లిన ఆకులు ఎరువుగా వేసి, నేల ఆరకుండా నీళ్లు పోసేది. పూలు అయిపోగానే మొత్తం నేల మట్టానికి కోసేసేది. నాకు ప్రాణం ఉసూరుమనేది, కానీ పదిహేను రోజులకల్లా కొత్తాకులు లేచేవి. మూడేళ్లలో నేలంతా పరుచుకుంది. ఇంకే పువ్వూ రాకముందే తుమ్మెదలు అక్కడికి చేరేవి.

"అడవిలో ఊరికే మొలిచేదాన్ని పెరట్లో పెంచడం మీకే చెల్లింది," అనేవాడు వెండెలీన్ గారు.

"అంతా మీ చెట్టు చలవే."

నాలుగో చలికాలంలో ఆయన భార్య మార్గీటా పోయింది. నెల రోజులు అత్త రోజూ గిన్నెడు సూప్ కంచె మీదుగా అందించింది. ఫిబ్రవరిలో తన చెల్లెలి కాలు విరిగితే సాయం చేయడానికి వెళ్లి, అత్త మూడు వారాలకు తిరిగొచ్చింది. పెరడంతా బోసిపోయింది. చెట్టు లేదు; ఒకరోజు నేను పని నుంచి వచ్చేలోపే ఆయన కొట్టించేశాడు. కంచె అవతల వెండెలీన్ గారు టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఇరవై ఏళ్లు ఆలస్యం చేశాను. మార్గీటా కూడా చెబుతూనే ఉండేది. ఇక నిశ్చింతగా మీ క్యాబేజీ వేసుకోండి."

అత్త మోడు వంక చూసింది, ఆయన వంక చూసింది. "చాలా మంచి పని చేశారు," అంది. ఇంట్లోకి వచ్చి, కోటైనా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

"ఎండలో ఊపిరాకు బతకదని ఆయనకి చెప్పకే. నా కోసం చేశాడు పాపం."

జూన్ ఎండకు మధ్యాహ్నమయ్యేసరికి ఆకులు తడిగుడ్డల్లా వేలాడేవి, అంచులు మాడిపోయేవి. ఒకరోజు అత్త తన నల్ల గొడుగు తెచ్చి దుబ్బుల మధ్య గుచ్చుతుంటే ఆయన చూశాడు. నవ్వలేదు.

"ఎందుకు చెప్పలేదండీ?"

"ఏమని చెప్పను? చెట్టుని మళ్లీ అతికించమనా?"

ఆ సాయంత్రమే ఆయన చిక్కుడు గుంజలు పాతి, మార్గీటా దుప్పట్లు పందిరిలా కట్టాడు. సెప్టెంబరులో కంచె పలకలు రెండు ఊడదీశాడు. ఆయన షెడ్డు వెనక, ఉత్తరం వైపు, ఎండ పొడ సోకని నేల ఉంది. ఆయన గుంటలు తవ్వితే, అత్త దుబ్బులు విడదీసి నాటింది.

"లోతెక్కువైంది."

"మీకు ఏదీ ఓ పట్టాన నచ్చదు కదా."

అప్పటినుంచి అత్త నీళ్లడబ్బా పట్టుకుని రోజూ ఆ సందులోంచి దూరేది. ఎండపడ్డ నేలలో క్యాబేజీ బ్రహ్మాండంగా కాసింది. పీపా నిండా పులియబెడితే సగం ఆయనే తినేవాడు. మీ ఇద్దరి పెళ్లెప్పుడని కొట్టు నడిపే ఆవిడ అడిగితే, "ముందు కలుపు తీయడం నేర్చుకోనీ," అంది అత్త. పెళ్లి చేసుకోలేదు. అలా పదకొండు వసంతాలు గడిచాయి.

ఆ మధ్యలోనే నాకు పెళ్లయి, పట్నం వెళ్లిపోయాను. అత్త ఒక నవంబరులో పోయింది. ఏప్రిల్‌లో ఊరికి వెళ్తే, వెండెలీన్ గారు షెడ్డు వెనక పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. పాదాల దాకా పూలే. నన్ను కూర్చోబెట్టి కాఫీ తెచ్చాడు. పూల మీది ఎండుటాకు ఏరుతూ అన్నాడు.

"అన్నేళ్లూ ఆవిడని 'మీరు' అనే అన్నాను. ఒక్కసారైనా 'నువ్వు' అనాల్సింది."

కప్పులు కడిగిపెట్టి, సాయంత్రం బస్సు ఎక్కాను.