జలపాతానికి వీపు తిప్పిన పెద్దమ్మ

మా పెద్దమ్మ వంక పెట్టలేని వస్తువు ఈ భూమ్మీద ఇంకా తయారు కాలేదు. ఒకవేళ తయారైనా ముందు ఆవిడకే చూపిస్తారు, ఆవిడ వంక పెడుతుంది, అక్కడితో ఆ ముచ్చటా తీరిపోతుంది.

ఇందులో తప్పంతా ఆవిడదే అనడానికి లేదు. బట్టల మిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు తనిఖీ బల్ల దగ్గర నిలబడింది. కింద దీపం వెలిగే గాజుబల్ల మీదుగా బట్ట జారుతుంటే, ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ మరక పడిందో పట్టుకుని సుద్దతో సున్నా చుట్టడం ఆవిడ పని. బాగున్న బట్ట గురించి నోరెత్తాల్సిన అవసరం ఆ ఉద్యోగంలో ఎప్పుడూ రాలేదు. పదవీ విరమణ రోజున మిల్లు వాళ్ళు గోడ గడియారం బహూకరిస్తే, అది రెండు నిమిషాలు వెనక నడుస్తోందని వేదిక మీదే చెప్పి మరీ పుచ్చుకుంది.

సుద్దముక్క మిల్లులో వదిలేసింది కానీ చూపు మాత్రం ఇంటికి తెచ్చుకుంది. టైఫాయిడ్ తగ్గించిన డాక్టరుకి చేతిరాత బాగోలేదంది. నాకు ఉద్యోగం వచ్చిందని పరుగెత్తుకెళ్ళి చెబితే, "మూడో అంతస్తా? లిఫ్టు చెడితే ఏం చేస్తావే?" అని అడిగింది. పెదనాన్న గ్రంథాలయంలో పనిచేసి నిశ్శబ్దానికి అలవాటుపడ్డ మనిషి కాబట్టి ఆ సంసారం నలభై ఏళ్ళుగా ఒడుదొడుకులు లేకుండా సాగిపోతోంది.

అలాంటి మనిషిని వెంటబెట్టుకుని మేము వేసవి సెలవుల్లో విదేశం చూడ్డానికి బయల్దేరాం. మా ధైర్యాన్ని ఎవరూ మెచ్చుకోలేదు, అది వేరే సంగతి.

నిజానికి ఆ యాత్ర మా పిన్నిది. పెద్దమ్మ, మా అమ్మ, పిన్ని ముగ్గురక్కచెల్లెళ్ళు. ఆఖరిదైన పిన్ని బళ్ళో భూగోళం పాఠాలు చెబుతుంది. ఇరవై ఏళ్ళుగా నల్లబల్ల మీద కొండలు, సరస్సులు, జలపాతాలు గీసి, చెరిపి, మళ్ళీ గీసింది. వాటిలో ఒక్కటీ కళ్ళారా చూడలేదు. అందుకని రెండేళ్ళు కూర్చుని, ఏ రోజు ఏ ఊరు, ఏ బస్సు, ఏ పక్క కిటికీలోంచి కొండ బాగా కనబడుతుంది అనేదంతా ఒక నోటు పుస్తకం నిండా రాసుకుంది. ఆఖరి రోజు జలపాతం. ఆ పేజీలో బొమ్మ కూడా గీసి రంగులు వేసుకుంది.

సరిగ్గా ప్రయాణానికి వారం ముందు, అటక మీది పెట్టె దించబోయి కుర్చీ మీంచి పడింది. చీలమండ విరిగింది. ఆరు వారాలు కట్టు విప్పకూడదన్నారు. అందరం మానేద్దామన్నాం. పిన్ని వినలేదు. బాబాయి ఇంట్లోనే ఉండి తనని చూసుకుంటాడని, తను పడిందని అందరూ కూలబడటం ఎందుకని వాదించి, నోటు పుస్తకం నా చేతిలో పెట్టింది.

విమానం ఎక్కిన పది నిమిషాలకే పెద్దమ్మ ఉద్యోగంలో చేరిపోయింది. రెక్క చివర అదురుతోంది, బిగించినవాడు భోజనం వేళకి లేచిపోయుంటాడంది. నవ్వుతూ నీళ్ళిచ్చిన అమ్మాయిని చూసి, పొద్దుటినుంచీ నిలబడి పనిచేసే మనిషికి అంత నవ్వు రాదు, ఎవరో నవ్వమని ఒత్తిడి చేస్తున్నారంది.

మొదటి రోజు రాజభవనం. మూడువందల గదులని గైడు గర్వంగా చెప్పింది. పెద్దమ్మ అన్నీ తిరిగి వచ్చి, ఒక్కదాంట్లో కూడా తడిబట్ట ఆరేసుకునే చోటు లేదని తేల్చింది. మ్యూజియంలో తల లేని శిల్పం ముందు జనం ఊపిరి బిగబట్టి నిలబడితే, వెయ్యేళ్ళనుంచి తల అతికించే తీరిక ఎవరికీ దొరకలేదా అని అడిగింది. మంచుకొండ మీద, ఎవరో ఫ్రిజ్ తలుపు వేయడం మరిచిపోయినట్టుందంది. సరస్సు దగ్గర మాత్రం చాలాసేపు కళ్ళు చికిలించి చూసింది. ఇక పొగడక తప్పదనుకున్నాం.

"నీలం ఆ పక్క ముదురు, ఈ పక్క లేత. అద్దకం సమానంగా పడలేదు," అంది.

మూడో రోజుకి గైడు పిల్ల ఏ విశేషం చెప్పాలన్నా ముందు పెద్దమ్మ ముఖం చూడటం మొదలుపెట్టింది. మా అమ్మ మా అమ్మ కానట్టు, నేను నేను కానట్టు నటిస్తూ బస్సులో వెనక సీట్లకు మారిపోయాం. పెదనాన్నకు ఆ బాధ లేదు. కొండ కనబడే కిటికీ పక్కనే కూర్చుని, కొండ వచ్చేసరికి హాయిగా నిద్రపోయేవాడు.

ఇదంతా భరించవచ్చు. నాకు ఒళ్ళు మండింది ఫోన్ దగ్గర. రోజూ హోటల్ చేరగానే పిన్నికి వీడియో కాల్ చేసేవాళ్ళం. మొదటి రోజు అమ్మ ఫోన్ అందుకుని, భవనం ఎంత అందంగా ఉందో, అద్దాల గదిలో తనకి కన్నీళ్ళు ఎలా వచ్చాయో చెప్పుకొచ్చింది. పిన్ని, "అవునా, అంత బాగుందా?" అని, కాలి కింద దిండు సర్దుకుంటూ కాసేపు మావైపు చూడలేదు. అంతే, పెద్దమ్మ ఫోన్ లాక్కుని, బట్టలు ఆరేసుకునే చోటు దగ్గర మొదలుపెట్టి అరగంట ఉతికింది. ఆ రోజునుంచి ఫోన్ ఆవిడ సొంతం. ఫోటోలు పంపబోతే, అక్కర్లేదు, ఊరికే కళ్ళు నొప్పని నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

పాపం ఆ మనిషి రెండేళ్ళు కన్న కలని ఈవిడ రోజుకో ముక్క చొప్పున చింపుతోందని అమ్మ దగ్గర గొడవపడ్డాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి, ఏం చేస్తామంది అమ్మ.

ఆఖరి రోజు జలపాతం. వానకోట్లు తొడిగి, పడవలో నీటి ధార దాకా తీసుకెళతారు. గంటన్నర ప్రయాణం. రేవు దాకా వచ్చాక పెద్దమ్మ ఎక్కనంది. మోకాళ్ళు నొప్పులంది. మరీ బతిమాలితే, "పైనుంచి నీళ్ళు పడటం చూడ్డానికి ఇంతదూరం రావాలా? మా స్నానాల గదిలో రోజూ చూస్తూనే ఉన్నా," అంది. పెదనాన్న మారుమాట లేకుండా పడవెక్కేశాడు. అనుభవం.

ఆ గంటన్నర గురించి చెప్పడం నాకు చేతకాదు. తడిసి ముద్దై, చెవుల్లో హోరుతో తిరిగొచ్చాం. నేను అందరికన్నా ముందు దిగి పెద్దమ్మ కోసం చూశాను. గట్టు పొడవునా బెంచీలు. వందలమంది జనం, అందరి ముఖాలూ జలపాతం వైపే. ఒక్క పెద్దమ్మ మాత్రం వీపు అటు తిప్పి, బస్సులు నిలిపే చోటుకి ఎదురుగా కూర్చుని, వరుసగా ఆగి ఉన్న పద్నాలుగు బస్సులను తదేకంగా చూస్తోంది.

నేనిక ఊరుకోలేకపోయాను. "మరీ ఇంతా పెద్దమ్మా? కనీసం తల తిప్పి చూడొచ్చు కదా. ఉచితమే."

"తిప్పకుండా కూర్చోవడం ఎంత కష్టమో నీకేం తెలుసే," అంది మెడ రుద్దుకుంటూ. "గంటన్నరనుంచి వెనక ఆ చప్పుడు. పక్కవాళ్ళు ఒకటే ఆహా ఓహో. మెడ పట్టేసింది."

"మరెందుకు ఆ శిక్ష?"

"మిగతావన్నీ సరే. దీనికి మాత్రం మీ పిన్ని బొమ్మ వేసుకుంది కదే. అది చూడకుండా నేను చూసి ఏం చేసుకోను? దాంతోనే చూస్తాను."

నేను పక్కన కూర్చున్నాను. అడగాలనుకున్నది నెమ్మదిగానే అడిగాను. మరి రోజూ ఫోన్‌లో అది బాగోలేదు, ఇది బాగోలేదు అని ఎందుకు చెప్పడం?

"కాలు విరిగి మంచంలో ఉన్న మనిషికి, నువ్వు లేకుండా మేం స్వర్గం చూసొచ్చామని చెప్పమంటావా? మీ అమ్మ అద్దాల గది గురించి చెప్పినప్పుడు దాని ముఖం చూశావా? నేను తిడితే నవ్వుతోంది. నవ్వనీ. ఈ మాట దాని దగ్గర అన్నావంటే ఊరుకోను."

నేను అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు కూడా.

ఇల్లు చేరిన మర్నాడే అందరం పిన్ని మంచం చుట్టూ చేరాం. పిన్ని నోటు పుస్తకం తెరిచి ఒక్కో ఊరి పేరు చదువుతుంటే, పెద్దమ్మ ఒక్కో ఊరినీ ఉతికి ఆరేస్తోంది. శిల్పానికి తల లేదు, సరస్సుకి అద్దకం కుదరలేదు. పిన్ని కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. ఆఖరి పేజీ వచ్చింది.

"జలపాతం ఎలా ఉందక్కా?"

"అదా. ఏం బాగోలేదు."

"ఏం బాగోలేదు?"

"అంతా బాగోలేదు."

పిన్ని పుస్తకం మూసేసింది. "పాఠం చదవకుండా పరీక్ష రాసే పిల్లలు అచ్చం ఇలాగే రాస్తారక్కా. ఇరవై ఏళ్ళనుంచి దిద్దుతున్నాను. నువ్వు దాన్ని చూడలేదు."

నేను పైకప్పు వైపు చూశాను. పెద్దమ్మ వంగి పిన్ని కాలి కట్టు మీద వేలితో తట్టి, దీన్నెవడు వేశాడో కానీ ఒక పక్క మందం, ఒక పక్క పలుచన అంది. పిన్ని అక్క చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ చేతికి వంక పెట్టడం మాత్రం పెద్దమ్మ మరిచిపోయింది.

మరుసటి వేసవిలో పెద్దమ్మ, పిన్ని ఇద్దరే వెళ్ళారు. పెదనాన్న ఇంట్లోనే ఉండిపోయాడు. ఆయనకది అసలైన విహారయాత్ర. జలపాతం రోజున నేను ఆఫీసులో ఉండగా ఫోన్ మోగింది. వెనక ఒకటే హోరు. పిన్ని గొంతు.

"చూశానే," అంది. "పిల్లలకి ఇన్నాళ్ళూ చాలా చిన్నది గీసి చూపించాను," అంది.

"పెద్దమ్మ ఏదీ?"

"రెండోసారి పడవెక్కడానికి లైన్లో నిలబడింది. నాక్కూడా చోటు ఆపింది."

"ఏమంటోంది?"

"జలపాతం గురించి ఇంకా ఏమీ అనలేదే. లైను వంకరగా ఉందని ముందున్నవాళ్ళందరినీ సర్ది నిలబెడుతోంది. భాష రాకపోయినా పాపం అందరూ వింటున్నారు."