లాభం దగ్గర ఆగిన గొంతు

ఇన్నేళ్లూ నా గొంతు సంగతి ఎవరూ నన్ను అడగలేదు. ఆసుపత్రికి మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అరవైల చివర్లో నరసన్నపేటలో ఒక ధాన్యం వ్యాపారి దగ్గర వడ్లు కుంచంతో కొలిచేవాణ్ణి. నాకు చిన్నప్పటినుంచీ నత్తి. మా అమ్మ వసకొమ్ము అరగదీసి నా నాలుకకు రాసి రాసి సాన అరిగింది గాని నత్తి పోలేదు. కొలత దగ్గర మాత్రం నా మాట ఆగేది కాదు. మొదటి కుంచానికి ఒకటి అనకూడదు, శుభానికి లాభం అనాలి. రెండో కుంచం నిండేదాకా లెక్క తప్పకుండా ఆ మాటనే రాగం తీస్తూ ఉండాలి. గట్టిగా రాగం ఎత్తుకుంటే చాలు, వంద కుంచాలైనా తడబడేవాణ్ణి కాను.

ఆ దుమ్ములో ఏళ్ల తరబడి అరిచి గొంతు బొంగురుపోయింది. చివరికి వట్టి గాలే వచ్చేది. మా అక్క మొగుడైన బావ నన్ను పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు నా నాలుకను గుడ్డతో పట్టి లాగి, గొంతులో అద్దం పెట్టి చూశాడు. లోపల చిన్న కాయలున్నాయట, కోసి తీసేస్తాడట. తర్వాత మూడు వారాలు గుసగుస కూడా కూడదు. ఆపైన జన్మలో గొంతెత్తి అరవకూడదు, అరిస్తే గొంతు పోతుందట. ఇదంతా బావ ముఖం చూస్తూ చెప్పాడు.

రాగం తీయొచ్చా అని ఒక్కటే అడగాలనుకున్నాను. "డా... డా..." దగ్గరే ఆగిపోయాను.

"మావోడికి నత్తండి బాబూ. ఆడితో ఏటి, నాతో సెప్పండి. ఆపరేసను సేసీండి," అన్నాడు బావ.

"నత్తి నా పని కాదు," అని డాక్టరు తర్వాతి రోగిని పిలిచాడు.

ఆపరేషన్ అయ్యాక మూడు వారాలు నోరు మెదపలేదు. "ఏటిరా, సన్నాసుల్లో కలిసిపోతావేటి?" అని పొరుగింటామె నవ్వింది. అదీ మింగాను. గొంతు తేటపడింది.

కొత్త పంటకు వ్యాపారి గోదాములో కొలతకు కూర్చున్నాను. ఎదురుగా రైతు, అతని అన్నదమ్ములు. కుంచం నింపి, డాక్టరు చెప్పినట్టే మెల్లగా మొదలుపెట్టాను.

"లా... లా..."

దవడ బిగుసుకుపోయింది. కుంచం చేతిలో ఒరిగి గింజలు జారుతున్నాయి. రాగం ఎత్తుకుంటే మాట వస్తుందని తెలుసు. కోసినచోట ఏమవుతుందో తెలియదు.

రైతు లేచి నిలబడ్డాడు. "ఒరే, లాభం కాడే ఆగిపోతే ఈ ఏడు మా బతుకేటైపోతాదిరా?"

"నువ్వు లెగరా," అని వ్యాపారి నా చేతిలో కుంచం లాక్కుని పక్కవాడికిచ్చాడు. వాడు రాగం ఎత్తుకోగానే అందరి ముఖాలూ తేరుకున్నాయి. ఆ ముఖాలు ఒక్కటీ మరచిపోలేదు. మళ్లీ ఎవరూ నన్ను కొలతకు పిలవలేదు.

డాక్టరుగారూ, గొంతెత్తితే గొంతు పోతుందన్నారు. ఎత్తకపోతే నాకు మాటే లేదు. రెండింట్లో ఆ రోజు నేను చెయ్యాల్సింది ఏది? ఇప్పుడైనా చెప్పండి.