చూడని నేల మీద వాగులు

మొన్న మంగళవారం సింగపూర్‌లో నేనెక్కిన ట్రైన్ పాయా లేబర్ స్టేషన్ చేరుతుండగా మెసేజ్ వచ్చింది. "అక్కా, డాడీ పోయారు. నిద్రలోనే." ఆఫీసులో నాకు పని నేర్పిన అంకుల్ కూతురు పంపింది. స్టేషన్‌లో దిగి ఎప్పటిలాగే ఆఫీసుకు నడిచాను. వేరే ఏం చేయాలో తోచలేదు.

మా పని మ్యాపులు గీయడం. విమానం నుంచి తీసిన ఫొటోల్లో కెనడా మైదానాల వాగుల్నీ మిట్టపల్లాల్నీ గుర్తించాలి. ఏడాదిలో చాలాకాలం ఎండి ఉండి, మంచు కరిగితే పారే లోతైన లోయల్ని అక్కడ 'కూలీ' అంటారు. "మా తాత కూలీగా ఓడెక్కి వచ్చేడు. నేను కూలీలు గీస్తన్నాను" అనేవారు అంకుల్, నవ్వకుండా. ఆయన పుట్టింది సింగపూర్‌లోనే. తెలుగులో సగం తమిళం, కొంత మలయ్. మంచును ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు.

ఏ గీతనైనా వేలితో వెంబడించేవారు. "నీళ్ళకి ఏది ఈజీయో చూడమ్మా. నీకేది ఈజీయో కాదు."

నేను చేరిన రెండో ఏడు ఒక వాగును మ్యాపులో రోడ్డు గట్టు దగ్గర పక్క లోయలోకి మళ్ళించాను. గట్టు కింద తూము ఉందని మ్యాపు పంపేశాక గమనించాను. వరద ముంపు తెలుసుకోవడానికి అడిగిన మ్యాపు అది. అసలు వాగు దారిలో ఒక ఇల్లుంది.

"ఎవరూ చూడరేమో అంకుల్" అన్నాను, సిగ్గుపడుతూనే.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ ఇంట్లోవాళ్ళు చూస్తారమ్మా. నీళ్ళొచ్చినప్పుడు."

మేనేజరు దగ్గరికి ఆయనే వెళ్ళి, తనిఖీ చేసి సంతకం పెట్టింది తానేనని చెప్పారు. రిటైర్మెంటుకి రెండు నెలలే ఉంది. చుట్టుపక్కల మ్యాపులన్నీ మళ్ళీ చూడటానికి మూడు శనివారాలు పట్టింది. అప్పటికే ఆయనకు ఒక కన్ను సరిగా ఆనేది కాదు. "ఇంక సికిట్, కొంచెమే ఉంది లా" అని మలయ్ యాసలో అంటూ కుర్చీలో వెనక్కి వాలి, మళ్ళీ ముందుకు జరిగేవారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే తేలిగ్గా ఉండేదేమో.

సరిచేసినవి పంపాం. అందాయని ఒక్క ముక్క జవాబు వచ్చింది. ఆ ఇంటివాళ్ళకు ఇదేమీ తెలియదు. ఇప్పుడు సంతకాలు నావి. ప్రతి గట్టు దగ్గరా ఆగుతాను. అలసిపోతాను. అలా ఆగడం ఆయన పెట్టిన భిక్షే.

ఆ మంగళవారం సాయంత్రం టాంపినీస్‌లో వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళేసరికి వాన మొదలై, కారిడార్‌లోకి జల్లు కొట్టింది. అంకుల్ దేహం పక్కన కూర్చున్న ఆంటీ లేచి బయటికొచ్చారు. వచ్చినవాళ్ళ చెప్పుల్ని ఒక్కో జతా గోడవారకు జరపసాగారు.

"మీరు కూర్చోండి ఆంటీ, నేను పెడతాను."

"తడి చెప్పులేసుకుని అంత దూరం ఎట్లా పోతారమ్మా" అన్నారు, తల ఎత్తకుండా. నేనూ ఆమె పక్కన వంగాను. లోపల ఎవరో ఏడుస్తున్నారు. ఆమె ఒక చిన్నపిల్ల బూటు తీసి, లోపలి నీళ్ళు వంచి, పైట చెంగుతో తుడుస్తున్నారు.